సిరి మెడకు రెండు వేళ్ళ వదులు

నా అల్మరాలో ఇరవై ఎనిమిది డైరీలున్నాయి. పోలీసు కుక్కల దళంలో నేను పనిచేసిన ఏళ్ళు ఎన్నో అవీ అన్నే. వాటిలో నా సంగతులు తక్కువ. ఏ రోజు ఏ కుక్క ఎంత తిన్నది, ఎక్కడ పనిచేసింది, మెడకు ఏ బెల్టు వేశాను, దాన్ని ఎన్నో బెజ్జంలో పెట్టాను, ఎన్నిసార్లు గుంజాను అన్నవి ఉంటాయి. గుంజిన లెక్క రాయమని నాకెవరూ చెప్పలేదు. మొదట్లో సరదాగా రాశాను, తరువాత మానలేకపోయాను. ఆ లెక్కే ఒకసారి నా పరువు తీసి, ఒక కుక్క ఉద్యోగం నిలబెట్టింది.

పాడేరులో మా ఇంటికి అప్పుడప్పుడు పోలీసు కుక్కలను నడిపే కొత్త హ్యాండ్లర్లు వస్తుంటారు. కూర్చోగానే ఫోను తీసి ఏదో కాలరు బొమ్మ చూపించి, "ఇది మంచిదేనా సార్?" అని అడుగుతారు. వాళ్ళకు ప్రతిసారీ నోటితో చెప్పేదాన్ని ఒకసారి కాగితం మీద పెడుతున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, బిల్లులు ఇందులో ఉండవు. వాటి గురించి చెప్పడానికి చాలామంది ఉన్నారు.

నీళ్ళ ముంత

శిక్షణకు వెళ్ళిన మొదటి వారం మాకు కుక్కలనే చూపించలేదు. మా మాస్టారు పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. ఒక్కొక్కడి ముందు ఒక స్టూలు వేసి, దాని మీద నిండా నీళ్ళున్న ముంత పెట్టి, ముంత మెడకు లీషు, అదే కుక్కను పట్టుకునే పొడుగు పట్టీ, కట్టించాడు. లీషు రెండో కొస చేతిలో పట్టుకుని స్టూలు చుట్టూ నడవాలి. కూర్చోవాలి, లేవాలి, వెనక్కి తిరగాలి. నీళ్ళు తొణికితే ముంత నింపుకొచ్చి మళ్ళీ మొదలుపెట్టాలి.

మూడోరోజు నాకు విసుగొచ్చింది. "మాస్టారూ, మేం కుక్కల్ని నడపడానికొచ్చాం గాని ముంతల్ని నడపడానికి కాదు కదండీ," అన్నాను.

"ముంత నీ మాట వినదు కాబట్టి నీ చెయ్యి నువ్వే అదుపులో పెట్టుకోవాల," అన్నాడాయన. "కుక్క వింటాది. అందుకే నీకు పొగరొస్తాది. బేగి నింపుకొచ్చుకో."

వారం చివర ఇంకో మాట చెప్పాడు. "లీషంటే నీ గొంతనుకో అప్పారావూ. రోజల్లా అరిచీవోడి మాట ఎవుడింటాడు?"

కుక్కలకు కాలరు ఎంచుకునే విద్యలో సగం ఆ ముంత దగ్గరే ఉంది. మిగిలిన సగం నేర్చుకోవడానికి నాకు పదిహేడేళ్ళు పట్టింది.

మెడకు ఏం వేయాలి

ముందు మామూలు తోలు బెల్టు. లాబ్రడార్‌కు అంగుళమున్నర వెడల్పు ఉండాలి, అంతకంటే సన్నంగా ఉంటే కోసుకుంటుంది. బిగించాక బెల్టుకూ మెడకూ మధ్య మీ రెండు వేళ్ళు పడుకోబెట్టినట్టు దూరాలి. మూడు దూరితే తల దూర్చి తప్పించుకుంటుంది. ఒకటే దూరితే అది ఊపిరి తీసుకునేటప్పుడల్లా మీరు గుర్తొస్తుంటారు. కొండల్లో దీనికి ఇంకో లెక్క ఉంది. చలికాలం అరకు వైపు మంచులో కుక్కకు బొచ్చు ఒత్తుగా వస్తుంది, ఎండలు రాగానే రాలిపోతుంది. ఏడాదిలో రెండుసార్లు బెజ్జం మార్చాలి. వానాకాలంలో తోలు తడిసి బూజు పడుతుంది. దాని కింద మెడ పుండవుతుంది, గోమార్లు, అదే పిడుదులు, చేరతాయి. పని కాగానే విప్పి, తుడిచి, వంటింట్లో పొయ్యికి కాస్త దూరంగా వేలాడదీయండి. మా ఆవిడ మొదట్లో ఊరుకోలేదు. తరువాత ఆవిడే ఆముదం రాసేది.

రెండోది చోక్ చైను, లాగితే బిగిసే గొలుసు. మా కాలంలో అందరం వాడాం. కుక్క మీ ఎడమ పక్కన నడుస్తుంది కాబట్టి, గొలుసులో కదిలే కొస దాని మెడ మీదుగా మీ వైపుకు రావాలి. అలా వేస్తే లాగినప్పుడు బిగిసి, వదలగానే జారుతుంది. తిరగేసి వేస్తే బిగిసింది బిగిసినట్టే ఉంటుంది. దళంలో సగంమంది తిరగేసే వేసేవారు. కుక్క ఒంటరిగా ఉన్నప్పుడు మెడలో గొలుసు ఉండకూడదు. నా తోటివాడొకడు గొలుసు తీయకుండా గదిలో వదిలి టీకి వెళ్ళాడు. గొలుసు తలుపు గడియకు తగులుకుంది. మేం వెళ్ళేసరికి కుక్క నాలుక నల్లబడింది. బతికింది గాని ఆ తరువాత ఆ గదిలో ఎప్పుడూ పడుకోలేదు, వరండాలోనే పడుకునేది.

మూడోది ముళ్ళ కాలరు. లోపలివైపు మొద్దు ముళ్ళుంటాయి. బాద్షా అనే అల్సేషన్‌కు పందొమ్మిది రోజులు వేశాను. వాడు లాగడం మానేశాడు. నేను అందరికీ చెప్పుకున్నాను. ఇరవయ్యో రోజు దారిలో ఎదురొచ్చిన ఒక పెద్దాయన మీద ఎగబడ్డాడు. అంతకుముందు వాడు మనుషుల జోలికి పోయినవాడు కాదు. ఆలోచిస్తే తెలిసింది. ముళ్ళు గుచ్చుకున్న ప్రతిసారీ వాడి ఎదురుగా ఎవరో ఒకరు నడిచి వస్తున్నారు. గుచ్చింది నేనని వాడికి తెలియదు. నొప్పి పుట్టిన క్షణంలో ముక్కు ముందు ఏముంటే దాన్నే కుక్క తప్పుపడుతుంది. ఈ వాక్యం అప్పుడే డైరీలో రాసి కింద గీత కూడా గీశాను.

రాసినవాణ్ణే, ఆరేళ్ళ తరువాత అదే తప్పు మళ్ళీ చేశాను.

ఎండు చేపల గంపలు

సిరి లేత పసుపు రంగు లాబ్రడార్, ఆడది. ఏడాదిన్నర వయసులో నా చేతికొచ్చింది. గంజాయి వాసన పట్టడం దాని పని. ఘాట్ రోడ్డులో ఒక తనిఖీ కేంద్రం దగ్గర మా ఇద్దరికీ డ్యూటీ. వాసన పట్టగానే ఆ వస్తువు ముందు కూర్చోవాలి. మొరగకూడదు, గోకకూడదు. కూర్చుని నా మొహంలోకి చూస్తే చాలు.

వారానికోసారి పైన సంత. ఆ ఉదయం సముద్రం ఒడ్డు ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు గంపలతో ఎండు చేపలు జీపులెక్కించుకుని కొండ మీదికి వెళతారు. సాయంత్రం ఖాళీ గంపలు, వాటితోబాటు చింతపండు, అల్లం, అడ్డాకులు వేసుకుని దిగుతారు. మేం చూసేది దిగే జీపుల్ని. ఖాళీ గంపే అయినా చేపల వాసన మనిషికే కళ్ళు తిరిగేలా ఉంటుంది. ఇక కుక్క సంగతి చెప్పనక్కర్లేదు.

సిరి వచ్చిన కొత్తలో ఒక గంపలో మిగిలిన నెత్తళ్ళు, చిన్న ఎండు చేపలు, నాలుగు నోట కరుచుకుంది. ఆ గంప నూకాలుది. నూకాలుకు నలభై ఏళ్ళుంటాయి, గొంతు మాత్రం నాలుగు జీపులకు వినపడుతుంది.

"ఓలమ్మో! నా నెత్తళ్ళు తినేసినాది! ఏటి బావూ, గవర్నమెంటు దీనికి కూడెట్టదేటి?"

"ఎడతాది నూకాలూ. దీనికే ఆశెక్కువ."

"ఆశెక్కువైతే సంచట్టుకుని సంతకెల్లమను, అందర్లాగ!"

జీపులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి సిరి చేపల గంప ముందు ఆగితే చాలు, గొలుసు ఒక్క గుంజు గుంజేవాణ్ణి. పోలీసు కుక్క చేపలకు ఆశపడకూడదు. దళంలో అందరూ చేసే పనే అది. ఎవరూ తప్పనలేదు, నాకూ అనిపించలేదు. రెండు నెలల్లో సిరి గంపల దగ్గర ఆగడం మానేసింది.

ఏడాది తిరక్కుండానే అసలు సంగతి బయటపడింది. సిరి చుట్టూ తిరిగి వదిలేసిన ఒక జీపును కింద మైదానంలో మరో బృందం ఆపింది. డ్రైవరు సొంతంగా కొని పెట్టుకున్న ఖాళీ చేపల గంపల అడుగున గంజాయి పొట్లాలు దొరికాయి. సిరి ఆ గంపల పక్కనుంచే నడిచింది. ముక్కు కూడా తిప్పలేదు.

పెట్టెలో వచ్చిన కాలరు

మా ఇన్‌స్పెక్టరు అప్పటికి కొత్త. మనిషి చెడ్డవాడు కాదు. పైనుంచి వచ్చే ఫోన్లకు జవాబు చెప్పుకోవలసినవాడు. నన్ను పిలిచి, కూర్చోమనకుండానే అడిగాడు.

"అప్పారావ్, కుక్కకు ముక్కు పోయిందా, నీకు శ్రద్ధ పోయిందా?"

ఆయన సొరుగులోంచి ఒక అట్టపెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. కరెంటు కాలరు. రిమోట్ నొక్కితే మెడ దగ్గర షాకు కొడుతుంది.

"సిటీలో అందరూ ఇదే వాడుతున్నారు. పని చేయనప్పుడు నొక్కు. నెల రోజులు టైమిస్తున్నాను. తరువాత సంత రోజు నేనే వచ్చి చూస్తాను. పాసైతే సరే. లేకపోతే దాన్ని సర్వీసులోంచి తీసేద్దాం."

తీసేయడమంటే ఏమిటో నాకు తెలుసు. అడిగినవాళ్ళకు ఇచ్చేస్తారు. అడిగినవాళ్ళు ఎందుకు అడిగారో ఎవరూ అడగరు. అలా వెళ్ళిన రెండు కుక్కల పేర్లు నా డైరీల్లో ఉన్నాయి. వెళ్ళాక అవి ఏమయ్యాయో లేదు.

కాలరు క్వార్టర్‌కు తీసుకెళ్ళి ముందు నా ఎడమ ముంజేతికి కట్టుకున్నాను. ఒకటో అంకె దగ్గర చీమ కుట్టినట్టుంది. మూడో అంకె దగ్గర చెయ్యి దానంతటదే ఎగిరి ముందున్న టీ గ్లాసును పడేసింది. తమాషా ఏమిటంటే, నొక్కింది నా కుడిచెయ్యే అని తెలిసి కూడా, రెండు రోజుల పాటు టీ గ్లాసు అందుకోబోతే ఎడమచెయ్యి వెనక్కి వచ్చేది. అన్నీ తెలిసిన మనిషికే గ్లాసు మీద అనుమానం పుట్టింది. ఆ కాలరును మళ్ళీ పెట్టెలో పెట్టేశాను.

సోమన్న చూసింది

తనిఖీ కేంద్రానికి పైన సోమన్న అనే కొండరైతుకు చోడి చేను, అంటే రాగి చేను, ఉండేది. మధ్యాహ్నాలు దిగివచ్చి మా రేకుల షెడ్డు నీడలో కూర్చునేవాడు. ఎక్కువ మాట్లాడడు. అతని నల్ల కుక్క కాళి చేనుకు పందులు రాకుండా కాపలా కాసేది. దాని మెడకు అడ్డనారతో పేనిన వదులు తాడొకటి ఉండేది. చేలోకి వెళ్ళేటప్పుడు వేసేవాడు, రాగానే తీసేసేవాడు.

"మీ కుక్కని మానిపించేత్తారంట గదా," అన్నాడు ఒక మధ్యాహ్నం.

"నీకెవులు సెప్పినారు?"

"కొండమీద అందరికీ తెలుసు. బాబూ, ఒకటి సెప్తాను, కోపగించుకోవు గదా?"

"సెప్పు."

"నీ కుక్క గంపని సూడ్డం లేదు. గంప కనబడగానే నీ చెయ్యి సూత్తంది."

"ఏటీ?"

"మా కాళి పంది వాసనొస్తే మెడ ముందుకెడతది. నీది గంప కాడకొస్తే మెడ ఎనక్కెడతది. ఏడాది బట్టి సూత్తన్నాను."

"ఏడాది బట్టి సూసినోడివి ఇన్నాల్లూ సెప్పలేదేటి సోమన్నా?"

"నువ్వు పోలీసువి గదా," అన్నాడు సోమన్న. "నీకు తెలుసనుకున్నాను."

ఆ రోజే డైరీలు ముందేసుకుని కూర్చున్నాను. సంత రోజులన్నీ ఒక కాగితం మీదికి ఎత్తి రాశాను. 'సిరి ఆగింది. చేపల గంప. గుంజాను.' 'మళ్ళీ ఆగింది. రెండుసార్లు గుంజాను.' పేజీలకు పేజీలు ఇదే. ఆ తరువాత ఒక రోజు నా చేతిరాతలోనే ఇలా ఉంది: 'సిరి చేపల గంపల జోలికి పోవడం పూర్తిగా మానేసింది. మంచి ప్రగతి.'

అది ఆగిన ప్రతిసారీ చేపల కోసమే ఆగిందని నాకెలా తెలుసు? ఒక్కసారి కూడా గంప తిరగేసి చూడలేదు. చేప వాసన, దాని కింద ఇంకేదైనా వాసన, ఆ వెంటనే మెడ మీద దెబ్బ. దాని లెక్కలో ఈ మూడూ ఒకటే అయిపోయాయి. గంప అంటే నొప్పి. బాద్షా గురించి కింద గీత గీసి మరీ రాసుకున్న వాక్యం నా దగ్గరే ఉంది. డైరీ రాయడం వేరు, చదవడం వేరు అని నాకు ఆ రోజు తెలిసింది.

గంపల బడి

గొలుసు తీసేశాను. సంతలో చెప్పులు కుట్టే ఆయన చేత రెండంగుళాల వెడల్పు తోలు బెల్టు కుట్టించి, లోపలివైపు పాత కంబళి ముక్క వేయించాను. సోమన్న దగ్గర నేర్చుకున్న పద్ధతి కూడా పెట్టాను. ఆ బెల్టు పనికి మాత్రమే. పని మొదలయ్యేముందు వేయడం, అవగానే తీయడం. తినేటప్పుడు, తిరిగేటప్పుడు, పడుకునేటప్పుడు అది కంటికి కనపడకూడదు. వారం తిరిగేసరికి బకిలీ చప్పుడు వింటే చాలు, సిరి తోక ఆడించడం మొదలుపెట్టింది.

గంపలకు నూకాలునే అడిగాను.

"పాత గంపలు ఆరు ఇస్తావేటి? పదిహేను, ఇరవై రోజుల్లో తిరిగిచ్చేత్తాను."

"ఎందుకు బావూ?"

"కుక్కకి సదువు సెప్పాల."

"అయితే నా గంపలకి బడన్నమాట! సదువైపోనాక నాకు లెక్కలు కూడా సెప్తాయేటి?" అంటూనే ఆరు గంపలు దింపింది.

క్వార్టర్ల వెనక ఆరింటినీ వరసగా పెట్టాను. అన్నీ చేపల వాసనే. శిక్షణకని మాకిచ్చే గంజాయి పొట్లాలు రెండిటి అడుగున దాచేవాణ్ణి. ఏవి దాచినవో నేను మరిచిపోకుండా ఆ రెండిటి అంచుకు ఎర్రదారం కట్టాను. ఒకే నియమం: లీషు ఎప్పుడూ వేలాడుతూ ఉండాలి. ఉత్త చేపల గంప దగ్గర ఆగితే నేనూ రాయిలా నిలబడాలి. దానికి విసుగొచ్చి అదే కదిలేదాకా ఆగాలి. పొట్లం ఉన్న గంప దగ్గర కూర్చుంటే వెంటనే దాని ఆటవస్తువు, తువ్వాలు చుట్ట, ఇచ్చి ఆడించాలి.

మొదటి నాలుగు రోజులు సిరి గంపల దగ్గరికే రాలేదు. పది అడుగుల దూరంలో పడుకుని నా చెయ్యి చూసేది. నేను రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, లీషును వేలికి తగిలించుకుని నిలబడేవాణ్ణి. అయిదోరోజు ఒక గంప వాసన చూసి ఉలిక్కిపడి వెనక్కి దూకింది. ఎవరూ ఏమీ అనలేదు. మళ్ళీ చూసింది. తొమ్మిదోరోజు ఆరు గంపలూ తిరిగింది. పన్నెండోరోజు ఎర్రదారం గంప ముందు మెల్లగా, సగం సగం కూర్చుని, కళ్ళు మూసుకుంది, దెబ్బ పడుతుందేమోనన్నట్టు. తువ్వాలు చుట్ట ముక్కుకు తగిలాక గాని కళ్ళు తెరవలేదు. నేను ఉద్యోగంలో పతకాలు కూడా అందుకున్నాను. వాటిలో ఏదీ ఆ నిమిషానికి సరిరాదు.

ఇరవయ్యో రోజుకు పదికి పదిసార్లూ సరిగ్గా కూర్చుంటోంది. గంపలు ఆరింటినీ సబ్బుపెట్టి కడిగి, రెండు రోజులు ఎండబెట్టి, నూకాలుకు తిరిగిచ్చేశాను. డైరీలో రాసుకున్నాను.

సంత రోజు

ఇన్‌స్పెక్టరు మాట తప్పకుండా వచ్చాడు. నాలుగు జీపులు వరసగా నిలబెట్టించాడు.

"వీటిలో ఒకదానిలో నా మనిషి చేత పొట్లం పెట్టించాను," అన్నాడు. "ఎందులోనో నీకు చెప్పను. కరెంటు కాలరు ఏదీ?"

"పెట్టెలో ఉంది సార్. వాడలేదు."

ఆయన నా వైపు ఒకసారి చూసి, చేతులు కట్టుకున్నాడు. "సరే. కానివ్వు."

సిరి మెడలో వెడల్పు బెల్టు పెట్టి రెండు వేళ్ళు దూర్చి చూశాను. మొదటి జీపు దాటాం. రెండో జీపులో గంపలు, నలుగురు ఆడవాళ్ళు, మధ్యలో నూకాలు. సిరి మూడు గంపలు దాటి నాలుగోదాని ముందు కూర్చుని నా మొహంలోకి చూసింది.

ఇన్‌స్పెక్టరు వెంటనే అన్నాడు. "తప్పు. ఇందులో మేం ఏమీ పెట్టలేదు."

ఒక కానిస్టేబుల్ గంప దింపి తిరగేశాడు. రెండు ఎండిన తలకాయలు, ఉప్పు రాలాయి. అంతే. కుక్క కూర్చుంది కాబట్టి ఆ గంప నూకాలుదని తెలిసి ఆమెను దిగి పక్కకు రమ్మన్నాడు. చుట్టూ జనం చేరారు.

"ఏటీ, నన్నెందుకు దిగమంతన్నారు?" నూకాలు గొంతు మొదటిసారి చిన్నదైంది. "అప్పారావు బావూ, నీ కుక్కకి గంపలిచ్చినందుకా ఇది? నానేటి సేసినాను?"

నా చెయ్యి లీషు మీద బిగుసుకుంది. చేపలే. మళ్ళీ చేపలే. ఒక్క గుంజు చాలు, సిరి లేస్తుంది, నూకాలుకు ఈ అవమానం తప్పుతుంది, మేం ముందుకు వెళతాం. పదిహేడేళ్ళ అలవాటు మోచేతిలోంచి కదిలింది. సిరి నా చేతిని చూడలేదు. నా మొహమే చూస్తోంది. కదలకుండా కూర్చుంది. అంత నమ్మకంగా కూర్చున్న కుక్కను అబద్ధమాడుతున్నావని ఎలా అనను?

చెయ్యి వదులు చేశాను. ఇంతకుముందు ఎప్పుడూ చేయని పని చేశాను. వంగి గంపను తిప్పి తిప్పి చూశాను. అంచు మడతలో ఎర్రదారం ముక్క కనపడింది.

అది నేను కట్టిన దారమే. శిక్షణకు వాడిన గంపను మళ్ళీ లోకంలోకి పంపించాను. కడిగాను సరే. కాని వెదురులోకి ఇంకిన వాసన ఒక సబ్బుతో పోతుందా? మన ముక్కుకు పోయింది. సిరి ముక్కుకు పోలేదు. పాత గంపలను కాల్చేసి, నూకాలుకు కొత్తవి కొనిచ్చి ఉండాల్సింది.

"సార్, కుక్క తప్పు చెయ్యలేదు. తప్పు నాది," అన్నాను అందరికీ వినపడేలా. సంచీలోంచి డైరీ తీసి పేజీ ఆయనకు చూపించాను. ఆరు గంపలు, ఎర్రదారం కట్టినవి రెండు, నూకాలుకు తిరిగి ఇచ్చినవి. "ఈమెకు ఏ సంబంధమూ లేదు సార్. ఈ గంపలో పొట్లం పెట్టి శిక్షణిచ్చింది నేనే."

ఇన్‌స్పెక్టరు పేజీ రెండుసార్లు చదివాడు. "రెండన్నావు. రెండోది?"

"నూకాలూ, ఎర్రదారం గంప ఇంకోటేదీ?"

"నాకేటి తెల్సు? మా తోటికోడలికి మూడు గంపలిచ్చినాను. అది ఆకరి జీపులో కూకుంది."

"అయితే, నువ్వు చెప్పేది నిజమైతే," అన్నాడు ఇన్‌స్పెక్టరు, "అక్కడ కూడా కూర్చోవాలి. ఒక్క గంప దగ్గరే. ముందు అందరూ దూరంగా జరగండి. నువ్వు కూడా ఆ గంపలు చూడొద్దు. తల అటు తిప్పుకుని నడు."

మూడో జీపులో స్పేరు టైరు దగ్గర సిరి కూర్చుంది. టైరు వెనకనుంచి ఇన్‌స్పెక్టరు మనిషి పొట్లం బయటకు తీశాడు. నాలుగో జీపు మిగిలింది. గంపలు పదకొండు కింద వరసగా పెట్టించారు. అన్నీ ఒకేలా ఉన్నాయి. నేను లోయవైపు తల తిప్పుకున్నాను. లీషు వేలికి వేలాడుతోంది. దాని బరువు తప్ప నాకేమీ తెలియడం లేదు. ఒక గంప, ఇంకో గంప. ఒకచోట చాలాసేపు ఆగింది. ముంత గుర్తొచ్చింది. నేను ఊపిరి కూడా గట్టిగా తీయలేదు. మళ్ళీ కదిలింది. తరువాత లీషు నెమ్మదిగా కిందికి జారింది. కూర్చుంది.

"దారం ఉందేమో చూడండి," అన్న ఇన్‌స్పెక్టరు గొంతు వినపడింది.

"ఉన్నాది సార్," అన్నాడు కానిస్టేబుల్. "లోపలేపు."

జనంలోంచి ముందు నూకాలు నోరు తెరిచింది. ఈసారి నాలుగు జీపులకూ వినపడింది. "సూసినారా! కుక్క నిజిమే సెప్పినాది. మనిసే మర్సిపోనాడు!"

అందరూ నవ్వారు. ఏడాది కిందట ఇదే నవ్వు నాకు నచ్చలేదు. ఈసారి నేనూ నవ్వాను. నూకాలు ఎదుట నిలబడి అందరూ వినేలా క్షమించమన్నాను. "సమించడం తరవాత, ముందు నా గంపలు," అంది. తరువాతి సంతకు ఆరు కొత్త గంపలు ఇచ్చాను. పాతవి అక్కడే రోడ్డు పక్కన కాల్చేశాం.

వెళ్ళబోయే ముందు ఇన్‌స్పెక్టరు సిరి దగ్గర వంగి, ఎవరూ చెప్పకుండానే బెల్టు కింద రెండు వేళ్ళు దూర్చి చూశాడు.

"ఆ పెట్టె నాకు తిరిగిచ్చెయ్ అప్పారావ్," అన్నాడు.

ఆ పేజీ

సిరి ఆ తరువాత అయిదేళ్ళు అదే రోడ్డు మీద పనిచేసింది. చేపల గంపల అడుగున పట్టినవీ ఉన్నాయి, అల్లం బస్తాల్లో పట్టినవీ ఉన్నాయి. అవన్నీ ఆఫీసు లెక్కల్లో ఉంటాయి. దాని సర్వీసు అయిపోయినప్పుడు ఇంటికి తీసుకెళ్ళడానికి అనుమతి అడిగితే, సంతకం పెట్టింది ఆ ఇన్‌స్పెక్టరే. మా వరండాలో మూడు చలికాలాలు గడిపింది. ఇంట్లో దాని మెడకు ఏమీ వేయలేదు.

కొత్తగా చేరేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. తోలు బెల్టుతో మొదలుపెట్టండి, వీలైతే దానితోనే ముగించండి. గొలుసు వేయక తప్పకపోతే సరైన వైపు వేయండి, పని కాగానే తీయండి. ముళ్ళదీ కరెంటుదీ ముందు మీ చేతికి కట్టుకుని, నొప్పి పుట్టినప్పుడు మీ కళ్ళు దేన్ని చూస్తున్నాయో గమనించండి. కుక్క ఆగితే ఎందుకు ఆగిందో తిరగేసి చూడకుండా గుంజకండి. గుంజితే మాత్రం రాసుకోండి. రాసుకున్నది నెలకోసారి చదవండి.

ఆ సంత రోజు డైరీలో ఇలా ఉంది: 'సిరి మూడుసార్లు కూర్చుంది. మూడూ సరి. గుంజినవి: సున్న.' అది రాశాక పాత డైరీ తీసి, 'మంచి ప్రగతి' అని రాసిన పేజీ తెరిచాను. కొట్టేయాలనిపించింది. కొట్టేయలేదు. ఆ మాట పక్కనే 'ఇది తప్పు, చేసింది నేను' అని రాసి సంతకం పెట్టాను.

వెడల్పు బెల్టు ఇప్పటికీ మా వంటింటి గోడకు వేలాడుతోంది. లోపలి కంబళి అరిగిపోయింది, నాలుగో బెజ్జం సాగింది. ఇంటికొచ్చిన కొత్త హ్యాండ్లర్లు ముందు దాన్నే చూపించమంటారు. చూపిస్తాను. అంతకుముందు ఆ పేజీ చదివిస్తాను.